రెండు కాళ్ళ పలక

ఇరువైపులా అమ్మవార్లను నిలుపుకొని, నడుమ తాను నిలిచి, ఏడు కొండల మీద నుంచి మా అందరి చేతులనూ చూస్తున్న శ్రీనివాసునికి ముందుగా నా నమస్కారం. కొయ్యలో రేఖలు గీసినవాడు ఆయన. ఆ రేఖల వెంట నడవమని మా వేళ్ళకు బుద్ధి ఇచ్చినవాడూ ఆయనే. ఆయన పేరు తలచుకోకుండా నేను ఉలి పట్టలేను, కలమూ పట్టలేను. ఇప్పుడు ఎవరి గురించి రాయబోతున్నానో ఆ మనిషిని నా దారిలో నిలబెట్టిందీ ఆయన దయే.

ఈ ఉదయం తిరుపతిలోని మా షెడ్డులో ఒక పూజామందిరం తలుపు కోసం టేకు చెక్కను బల్లకు బిగించి, గిర్రున తిరిగే బిట్‌తో చెక్కను తొలిచే రౌటర్ మెషిన్ ఆన్ చేశాను. కోత వేడికి టేకు నుంచి ఒక వాసన లేస్తుంది. పాత తోలు సంచిలో నెయ్యి గిన్నె పెట్టి మరిచిపోతే వచ్చే వాసన అది. కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో సన్నటి పొట్టు పైకి లేచి, కిందికి దిగడం మరిచిపోయినట్టు అక్కడే తేలుతూ ఉండిపోయింది. మెషిన్ ఆపాను. ఆ నిశ్శబ్దంలో కాసేపు నేను తిరుపతిలో లేను. పాకాలలో, రైలు కట్ట పక్కనున్న రేకుల షెడ్డులో, నాగలింగాచారి మామ ఎదుట నిలబడి ఉన్నాను.

చెక్కపని తెలియనివారి కోసం ఒక్క మాట చెప్పాలి. ఏ చట్రమైనా మేకులతో నిలవదు. ఒక చెక్క కొసను నాలుకలా సన్నగా చెక్కి, దాన్ని రెండో చెక్కలో తొలిచిన బెజ్జంలోకి దింపుతాం. ఆ బెజ్జం చెక్క మందానికి సరిగ్గా నడుమ పడాలి. వడ్లగింజంత పక్కకు జరిగినా అతుకు దగ్గర మెట్టు తేలుతుంది, చట్రం మెలికపడుతుంది. నాగలింగాచారి నలభై ఏళ్ళపాటు ఆ నడుమను కంటితోనే కనుక్కున్నాడు. పెన్సిలు గీత గీసేవాడు గానీ, గీత చూసి కొట్టేవాడు కాదు. ఉలి పెట్టాల్సిన చోట ముందు బొటనవేలు పెట్టి ఒక క్షణం కళ్ళు మూసుకునేవాడు, అంతే.

నేను ఆయన దగ్గరికి పని నేర్చుకోవడానికి పోలేదు. మాది పాకాల బజారులో బెల్లం, పప్పుల అంగడి. మా నాయన అక్కడి భజనమందిరంలో గోష్ఠికి పెద్ద. ప్రతి శనివారం తెల్లవారేసరికి ఊళ్ళోని ఇరవై మంది రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చుని పారాయణం చేసేవాళ్ళం. నేను ఏడో ఏట నుంచీ కుడి వరుసలో ఉన్నాను. డిగ్రీ అయిన ఏడు, గ్రంథం పెట్టుకునే మా వ్యాసపీఠం విరిగితే, బాగుచేయించుకు రమ్మని నాయన నన్ను ఆచారి దగ్గరికి పంపించారు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, మడత విప్పి, రెండు కాళ్ళూ ఒకే పలక నుంచి పుట్టాయని నాకు చూపించాడు. అతుకు లేకుండా, ఒకదానిలోంచి ఒకటి దూరివచ్చిన రెండు పలకలు. నేను అక్కడే నిలబడిపోయాను.

"ఏమప్పా, పీట బాగైపోయె గదా. ఇంక ఇంటికి పోవా?" అన్నాడు.

"ఇంకొంచేపు చూస్తా మామా."

"చూస్తే చూడు. ఊరికే చూడకుండా ఆ దూలం కొస పట్టుకో."

ఆ పట్టుకోవడం ఆరేళ్ళు సాగింది. నాయనకు మొదట్లో నచ్చలేదు. "ఆయన పట్టుకోమంటే పట్టుకునేదేనా? తక్కెడ కొస పట్టుకోమని నేను మూడేండ్లుగా మొత్తుకుంటా ఉండానే!" అని అంగట్లో అందరి ఎదుటా అనేవారు. కానీ శనివారం గోష్ఠికి నేను ఏనాడూ తప్పలేదు కాబట్టి ఊరుకున్నారు.

ఆ షెడ్డులో కాలం మామూలుగా నడిచేది కాదు. రైలు రాబోతుంటే ముందు నేల తెలుసుకునేది, తర్వాత రేకులు తెలుసుకునేవి, చివరికి మన చెవులకు తెలిసేది. కాట్పాడి వైపు పోయే బండి దాటుతున్నంతసేపూ బల్ల మీది మేకులు చిన్నగా గజ్జెల్లా మోగేవి. ఆచారి ఉలిని చెక్క మీంచి ఎత్తి, అరచేయి స్తంభం మీద ఆనించి, బండి పోయేదాకా ఆగేవాడు. ఆ ఆగడంలో ఆయన ముఖం నిద్రపోతున్న పిల్లవాడి ముఖంలా ఉండేది. "రైలుతో పోట్లాడకూడదప్పా. అది పోయేదే గదా" అనేవాడు. ఆయన భార్య కాంతమ్మత్త కాఫీ లోటాలు తెచ్చి, "మీ మామకు ఆ రైలే విశ్రాంతి. ఇంకా నాలుగు బండ్లు ఎక్కువ తిప్పినా బాగుండు" అని నవ్వేది.

నేను చేరిన ఐదో ఏడు, వేసవి చివర్లో, ఒక ఉదయం ఆయన ఒక తలుపు చట్రానికి బెజ్జం కొడుతున్నాడు. బండి వచ్చింది. ఆయన ఉలి ఎత్తాడు, చేయి ఆనించాడు. బండి వెళ్ళిపోయింది. మేకులు మోగడం ఆగింది. రేకులు ఆగాయి. ఆయన ఉలి తీసుకున్నాడు. ఉలి కొస ఇంకా ఊగుతూనే ఉంది. ఆయన దానివైపు, ఎవరి చేతిలోని వస్తువునో చూసినట్టు చూశాడు.

"ఇంకో బండి వస్తా ఉండాదేమో మామా" అన్నాను నేను. అబద్ధమని నాకు తెలుసు.

"లేదప్పా," అన్నాడు. "ఇది యాడికీ పోయే బండి కాదు."

ఆ సంగతి బయటికి తెలియకూడదని కాంతమ్మత్త నా చేత ఒట్టు వేయించుకుంది. కారణం ఉంది. మందిరంలో స్వామికి ఊంజల్, అంటే నాలుగు స్తంభాల ఉయ్యాల, చేయాలని గోష్ఠివారు నిర్ణయించి, ఆ పని ఆచారికి అప్పజెప్పారు. కార్తీక పౌర్ణమినాటి ఊంజల్ సేవకు ఉత్సవమూర్తులు దాని మీద ఊగాలి. మందిరం తలుపులు ఆయన చేసినవే, పీఠం ఆయన చేసిందే, హారతి పళ్ళెం పెట్టే బల్ల కూడా ఆయనదే. ఇది ఒక్కటి చేసేస్తే ఉలి కింద పెట్టేస్తానని ఆయన ఎప్పుడో అనుకున్నాడట. చేయి వణుకుతోందని తెలిస్తే గోష్ఠివారు తిరుపతిలోని పెద్ద అంగడికి పని ఇచ్చేస్తారు. నాలుగు స్తంభాలు, ప్రతి స్తంభానికీ నాలుగు బెజ్జాలు. వణికే చేత్తో పదహారు చోట్ల నడుమ వెతకాలి.

"నేను కొడతా మామా. ఎవరికీ చెప్పను" అన్నాను.

ఆయన నావైపు కొంచెం కోపంగా చూశాడు. "సామికి తెలీదా?" అన్నాడు.

రెండు రోజులు ఏ పనీ చేయలేదు. మూడో రోజు అటక మీద నుంచి ఒక అక్రిలిక్ పలక దించాడు. ఏదో అంగడి బోర్డు నుంచి తెగిన ముక్క, దాని మీద ఎర్రరంగులో సగం అక్షరం ఇంకా ఉంది. అంతవరకూ చెక్క అంచులకు నగిషీ తీయడానికే వాడే రౌటర్ను బోర్లించి, దాని అడుగున పట్టేలా ఆ పలకను కోశాడు. నడుమ, కోసే బిట్ దిగడానికి ఒక రంధ్రం. దానికి అటూ ఇటూ సమదూరంలో రెండు చిన్న రంధ్రాలు. వాటిలో రెండు బోల్టు ముక్కలు బిగించి, వాటికి తిరిగే ఇత్తడి తొడుగులు వేశాడు. తిప్పి నిలబెడితే పలకకు రెండు పొట్టి కాళ్ళు వచ్చినట్టుంది.

మెషిన్ను ఒక స్తంభం మీద, రెండు కాళ్ళూ చెక్కకు చెరోవైపు దిగేలా పెట్టి, మెల్లగా మెలితిప్పాడు. ఒక కాలు ఈ ముఖానికి ఆనింది, రెండోది ఆ ముఖానికి ఆనింది. ఇక తిరగలేదు.

"ఇప్పుడు నా చేయి వణికితే ఏమైతాది?"

"మెషిన్ కూడా వణుకుతుంది."

"యాడికి వణుకుతాది? ఈ పక్కకు పోదామంటే ఈ కాలు వద్దంటాది. ఆ పక్కకు పోదామంటే ఆ కాలు వద్దంటాది. ముందుకీ ఎనక్కీ తప్ప దానికి దోవ లేదు. నడుమ యాడుండాదో మనం వెతికే పనే లేదప్పా. రెండు పక్కలా ఆనుకుంటే సాలు, నడుమ అదే వచ్చి నిలుస్తాది."

ఆ శనివారం గోష్ఠిలో కూర్చున్నప్పుడు నాకు ఆ మాట తప్ప ఇంకేదీ వినిపించలేదు. మా వరుస ఒక పాదం చదువుతుంది, ఎదుటి వరుస రెండో పాదం అందుకుంటుంది. స్వరం ఇటు నుంచి అటు పోయి, అటు నుంచి ఇటు వస్తుంది. నడుమ ఖాళీగా ఉన్న నేల మీద సాంబ్రాణి పొగ పాకుతూ, స్వామి దగ్గరికి తిన్నగా పోతుంది. పదిహేడేళ్ళుగా అక్కడ కూర్చుంటున్నాను. ఆ రెండు వరుసలు ఎందుకున్నాయో ఆ రోజు దాకా నేను అడగలేదు.

పలకను మొదట ఒక పనికిరాని ముక్క మీద పరీక్షించాం. కొలిచి చూస్తే బెజ్జం నడుమకు వడ్లగింజలో సగమంత పక్కకు పడింది. ఆచారి పకపకా నవ్వాడు. "చూడు, నా చేయి యాడ వణికిందో అది దాచుకోలేదు" అన్నాడు. ఒక కాలి రంధ్రం కాస్త దూరంగా పడిందన్నమాట.

"ఇంకో పలక కోద్దాం మామా. రంధ్రాలు నేను వేస్తాను."

"నువ్వేస్తే అది నీ పలక. నేనేస్తే మళ్ళీ వణుకుతాది." గూట్లో ఉన్న స్వామి పటం దగ్గరి కుంకుమను నూనె చుక్కతో కలిపి, ఒక కాలికి పెట్టాడు. "బొట్టు కాలు ఎప్పుడూ స్తంభం ముందు మొహానికే ఆనాల. బొట్టు లేనిది ఎనక్కే. అట్ల చేస్తే తప్పు అన్నిట్లోనూ ఒకే పక్క పడతాది. ఒకే పక్క పడితే అన్నీ కలిసిపోతాయి. తప్పు లేని పలక మనకు దొరకదప్పా. తప్పు యాడుండాదో తెలిస్తే సాలు."

ఆ వారంలో ఆయన రెండు స్తంభాలు పూర్తిచేశాడు. ఒకేసారి లోతుకు దించకుండా, వేలి గోరంత లోతు చొప్పున, ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి. కాంతమ్మత్త గడపలో నిలబడి కొంగుతో నోరు మూసుకుని చూసేది. పొట్టు ఆయన నెరిసిన జుట్టు మీద, కనుబొమల మీద పడి, ఆయన కూడా టేకుతో చేసిన మనిషిలా కనిపించేవాడు. ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. బెజ్జాలు మాత్రం గీసినట్టు వచ్చాయి.

అంతలో ఆయుధపూజ వచ్చింది. షెడ్డు కడగడం, పనిముట్లు తుడవడం నా పని. పూజ సంగతిలో నేను ఎవరి మాటా వినేవాణ్ణి కాదు, చిన్నప్పటి నుంచీ అలాగే పెరిగాను. రంపాలు, ఉలులు, చిత్రికలు అన్నిటినీ కిరోసిన్ గుడ్డతో తుడిచి, వరుసగా పేర్చి, పసుపు రాసి కుంకుమ పెట్టాను. రౌటర్నూ తుడిచాను. ఒక కాలికి బొట్టుండి ఒక కాలికి లేకపోవడం ఆ భక్తిలో నాకు వెలితిగా తోచింది. పాతది శుభ్రంగా తుడిచేసి, రెండు కాళ్ళకూ చక్కగా బొట్లు పెట్టాను. ఆ బొట్టు గుర్తు అని తెలిసినవాణ్ణి నేనే. చెరిపినవాణ్ణీ నేనే. మంత్రం నోట్లో ఉండగా అది మనసుకు తట్టలేదు.

మరో రెండు రోజులకు ఆచారి చేయి డాక్టరుకు చూపించుకోవడానికి చిత్తూరు వెళ్ళాడు. ఆయన వచ్చేసరికి మిగిలిన రెండు స్తంభాలూ పూర్తిచేసి పెడితే సంతోషిస్తాడనుకున్నాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మెషిన్ తీసి స్తంభం మీద పెట్టాను. ఏ కాలు ఎటు పడిందో చూడలేదు. రెండింటికీ బొట్టుంది కదా, నా కంటికి అంతా సరిగ్గానే ఉంది. ఎనిమిది బెజ్జాలు తొలిచి, చేతులు దులుపుకున్నాను. మరునాడు ఆచారి వచ్చి చూసి, "సరే, కోసేసినావు" అని మాత్రం అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు.

పౌర్ణమికి ఎనిమిది రోజులుందనగా, ఒక శుక్రవారం సాయంత్రం, నాయన మరో ఇద్దరు గోష్ఠి పెద్దలను వెంటబెట్టుకుని చట్రం నిలబెట్టడం చూడ్డానికి వచ్చారు. అతుకులు దిగాయి. చట్రం లేచింది. కానీ ఒక స్తంభం అడుగు నేలకు ఆనలేదు, వేలు దూరేంత సందు. పక్క పట్టీ ఒక స్తంభం దగ్గర లోపలికీ, రెండో స్తంభం దగ్గర బయటికీ వచ్చి, చట్రమంతా సన్నగా మెలికపడి ఉంది. నాయన అతుకు మీద వేలితో రాసి, మెట్టును తాకి ఆగారు. సరిగ్గా అప్పుడే కాంతమ్మత్త ఇచ్చిన కాఫీ లోటా ఆచారి చేతిలో గలగలమంది.

నాయన లోటా వైపు చూశారు, అతుకు వైపు చూశారు. "చేయి ఎప్పటి నుంచి ఇట్లుండాది ఆచారీ?" అని మెల్లగా అడిగారు.

ఆచారి నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో నింద లేదు. రైలు పోయేదాకా ఆగే చూపు అది. తర్వాత తల దించుకుని, "ఏసవి నుంచి సామీ" అన్నాడు.

"చెప్పుంటే బాగుండె గదప్పా. మాకు నీ మీద కోపమేం లేదు. వయసు ఎవరికి ఆగుతాది? తిరుపతిలో చెప్పి చేయించుకుంటాం లే."

నేను అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను. మెషిన్ బల్ల మీదే ఉంది. దాని రెండు కాళ్ళకూ నేను పెట్టిన బొట్లు ఎండి, ఎర్రగా మెరుస్తున్నాయి. అప్పుడు నాకు అంతా తెలిసింది. నోరు తెరవడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం నేను తెరవలేదు. ముగ్గురు పెద్దల ఎదుట, అందులోనూ నాయన ఎదుట, ఇన్నేళ్ళు నేర్చుకుని ఇదా అనిపించుకోవాలంటే నాలుక లేవలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు. నేనూ చెప్పులేసుకుని వెళ్ళిపోయాను.

మరునాడు శనివారం. గోష్ఠిలో మా వరుస పాదం మొదలుపెట్టినప్పుడు నా గొంతు రాలేదు. పక్కనున్నవాళ్ళు జలుబనుకున్నారు. పారాయణం ముగిసి, అర్చకులు తీర్థం ఇస్తూ వరుసగా వచ్చారు. నా ముందుకు వచ్చి ఉద్ధరిణె ఎత్తారు. నేను చేయి చాపలేదు.

మా గోష్ఠిలో తీర్థం వద్దన్నవాణ్ణి నేను అంతవరకూ చూడలేదు. ఎదుటి వరుస నుంచి నాయన "ఏమిరా?" అన్నారు.

"ఆ బెజ్జాలు మామ కొట్టినవి కాదు నాయనా. నేను కొట్టినవి. ఆయన కొట్టినవన్నీ సరిగ్గానే ఉండాయి. ఆయన చేసిన పలక మీది గుర్తు చెరిపింది నేనే. నిన్న నోరు మూసుకుంది కూడా నేనే." ఇంకా ఏదో చెప్పబోయాను గానీ ఏడుపు వచ్చింది. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, ఇరవై మంది ముందు.

నాయన అర్చకులతో, "వాడికి తీర్థం ఇయ్యండి సామీ" అన్నారు. ఉత్తరీయం సర్దుకుని లేచి, నా వైపు తిరిగి, "పద. ఆ పలకేందో నాకు సూపియ్యి" అన్నారు.

మేము వెళ్ళేసరికి ఆచారి షెడ్డు ముందు కూర్చుని, ఊరికే ఒక పుల్ల చెక్కుతున్నాడు. నేను కాళ్ళమీద పడ్డాను. "నిన్న మెలిక చూసి, మెషిన్ మీద బొట్లు రెండు చూస్తానే నాకు తెలిసిపోయె, లేవప్పా" అన్నాడు.

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు మామా?"

"నాకు తెలిసింది నేను చెప్పొచ్చు. నీది నువ్వే చెప్పాల."

కొత్త స్తంభాలకు సరిపడా టేకు ఇంకా ఉంది. నాయన పలకను తిప్పి తిప్పి చూశారు. "దీనితో వణికే చేయి కూడా సరిగ్గా కోస్తాదంటావు?" అన్నారు నమ్మకం లేనట్టు.

"మీరే కోయండి సామీ."

"నేనా? నేను బెల్లం దిమ్మ కూడా తిన్నగా పగలగొట్టలేనప్పా!"

"అందుకే మీరే కోయాల."

నా నోటి మాట కన్నా ఎక్కువ నన్ను మార్చింది ఆ తర్వాతి దృశ్యమే. ఆచారి కొలిచి చూసి, మునుపు బొట్టు లేని కాలిదాన్ని తుడిచేశాడు. నాయన పంచె ఎగగట్టి, కళ్ళద్దాలు పైకి నెట్టి, రెండు చేతులతో మెషిన్ పట్టుకున్నారు. అది గర్రుమనగానే ఆయన భుజాలు అదిరాయి. ఆచారి వెనక నిలబడి, తన వణికే చేతులను నాయన చేతుల మీద వేశాడు. "బిగువు వదలొద్దు సామీ, బిగువు వదలొద్దు." రెండు జతల ముసలి చేతులు ఊగుతున్నాయి. పొట్టు లేచి ఇద్దరినీ కప్పేసింది. మెషిన్ ఆగాక నాయన ఊది, తొంగిచూసి, వేలు పెట్టి, మళ్ళీ తొంగిచూశారు.

"ఓరి నీ..." అన్నారు, మందిరంలో ఎప్పుడూ అనని మాటతో. కాంతమ్మత్త లోపలికి పరిగెత్తింది నవ్వుకోడానికి.

ఊంజల్ తిరుపతికి పోలేదు. మిగిలిన బెజ్జాలన్నీ ఆచారే తొలిచాడు. పౌర్ణమినాడు పూలదండల నడుమ స్వామి, అమ్మవార్లు కూర్చున్నాక, మొదటి ఊపు ఊపమని నాయన ఆయన్నే పిలిచారు. ఆయన పట్టుతాడు పట్టుకున్నాడు. చేయి వణికింది, తాడు వణికింది, దీపాల వెలుగులో స్వామి మెల్లగా కదిలాడు. ఆ కదలికలో ఎక్కడా కిర్రుమన్న శబ్దం లేదు.

ఆచారి ఆ తర్వాత మూడేళ్ళున్నాడు. ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తారు. ఏదైనా చట్రం మెలికపడితే నేను మొదట నేను చేసిన పనిని తీసి చూస్తాను. తప్పు నాదైతే, చేయించుకున్నవారు అడగకముందే ఫోను చేసి చెబుతాను. మా వాళ్ళు నవ్వుతారు, "అన్నా, కొంచెం ఆగు, వాళ్ళు గమనించరేమో" అంటారు. నేను ఆగలేను. ఒక సాయంత్రం నేను మింగిన ఒక్క నిమిషం ఇంకా నా గొంతులోనే ఉంది. దాన్ని తీసేయమని దేవుణ్ణి నేను అడగను. నన్ను కాపాడుతున్నది అదే.

ఇంతదాకా చదివిన మీరు ఎవరైనా సరే, ఏ పని చేసేవారైనా సరే, నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి. స్వామీ, మా చేతులు నీవి, వణికినా నీవే. మా తప్పును ఇంకొకరు మోస్తూ మౌనంగా నిలబడిన వేళ, మా నోటిని ఆలస్యం చేయనీకు. మా నాగలింగాచారిని నీ దగ్గర చల్లగా కూర్చోబెట్టుకో.